మంటల మీద లెక్క

కాలిఫోర్నియా కొండల మీద మంటలు ఆపడానికి ఎర్రటి రసాయనం కుమ్మరించే విమానాన్ని టీవీల్లో అందరం చూస్తాం. ఆ కుమ్మరింపు వల్ల నిజంగా ఎంత అడవి, ఎన్ని ఇళ్లు దక్కాయని అడిగే ఆర్థిక పరిశోధకుణ్ని మాత్రం ఎవరూ చూడరు. ఎంతో గౌరవించదగ్గ పని అది. 1925లోనే స్పార్‌హాక్ అనే అమెరికన్ దానికి పునాది వేశాడు: ఆర్పడానికయ్యే ఖర్చు, కాలిపోయినదాని నష్టం, రెండూ కలిపి అతి తక్కువగా ఉండాలి. వినడానికి తేలికే; చిక్కంతా విమానం రాకపోయి ఉంటే ఏమయ్యేదో తేల్చడంలో ఉంది. గాలి తగ్గి మంట ఆగినా ఘనత విమానానికే పోతుంది. అందుకే 2012 నుంచి అమెరికా అటవీశాఖ బృందాలు మంటల దగ్గరికే వెళ్లి, ఒక్కో కుమ్మరింపు ఏ ఉద్దేశంతో జరిగింది, అది నెరవేరిందా అని నమోదు చేశాయి. అదే ఏడు వచ్చిన ర్యాండ్ అనే పరిశోధన సంస్థ నివేదిక, సరస్సుల్లోంచే నీళ్లు ముంచుకునే విమానాలవైపు మొగ్గింది. అలాంటి సీఎల్-415 సుమారు 12 సెకన్లలో 6,000 లీటర్లు నింపుకుని మళ్లీ మంట మీదికి పోగలదు. రసాయనం మోసే పెద్ద ట్యాంకర్ ప్రతిసారీ స్థావరానికి పోయి రావాలి.

ఇళ్లు కాలుతుంటే డాలర్ల లెక్కలేమిటని అడగడం సహజం. కానీ ఆ లెక్కలో పైలట్ల ప్రాణాలూ ఉన్నాయి. 2002లో కాలిఫోర్నియాలో, కొలరాడోలో రెండు పాత ట్యాంకర్ల రెక్కలు గాల్లోనే విరిగి ఐదుగురు చనిపోయారు. ఫలితం లేని చోటికి విమానాన్ని పంపడం దయ కాదు. పైగా ఆ డబ్బు నేల మీద మంటకు అడ్డుగీత తవ్వే దళాలకూ, ఎండు పొదలు ముందే తొలగించడానికీ అక్కరకొస్తుంది. కొత్త విమానాలు కొనేముందు ప్రభుత్వాలు ఈ పరిశోధకుల మాట వినాలి.