వినేవాడి నటన

తమిళనాట మా మత్తూరు చుట్టుపక్కల తెరుకూత్తు అనే వీధినాటకం చూస్తూ పెరిగినవాళ్లకు కట్టియక్కారన్‌ను పరిచయం చేయనక్కర్లేదు. దుర్యోధనుడు తెర వెనక నుంచి రాగానే ఎదురెళ్లి ఎవరు నువ్వు, ఏ దేశం నీది అని అడిగేది అతనే. కిరీటం చెక్కది, భుజకీర్తులూ చెక్కవే. అయినా కట్టియక్కారన్ బెదిరి ఒక అడుగు వెనక్కి వేశాడంటే జనానికి అక్కడ రాజు కనిపిస్తాడు. ఆ అడుగు పడకపోతే రాజు వేషగాడు ఎంత గొంతు చించుకున్నా సభ నిలవదు.

సినిమాలో క్యారెక్టర్ ఆర్టిస్టుల పనీ ఇదే. వాళ్ల విద్యలో పెద్దపాలు వినడం. 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’లో రామారావు అమాయకుడైన పనివాడిలా ఇంట్లో చేరతాడు. మనకు నవ్వు రావాలంటే ఆ అమాయకత్వాన్ని గుండమ్మ నిజంగా నమ్మాలి. సూర్యకాంతం నవ్వించాలని చూడరు. ఇల్లంతా తన చెప్పుచేతల్లోనే ఉందన్న ధీమాతో ఉంటారు, అంతే. రామారావు, నాగేశ్వరరావు ఇద్దరూ ఉన్న సినిమాకు ఆవిడ పాత్ర పేరు పెట్టారంటే ఊరికే కాదు. ‘అహ నా పెళ్లంట’ (1987)లో కోట శ్రీనివాసరావు తిట్లు అంతగా పండాయంటే వాటిని మింగుతున్న బ్రహ్మానందం ముఖం వల్లే.

రెండు భాషల సినిమాలూ చూసే మా ప్రాంతంవాళ్లకు ఇంకో సంగతి బాగా తెలుస్తుంది. ‘మాయాబజార్’ 1957లో తెలుగులోనూ తమిళంలోనూ వచ్చింది. అభిమన్యుడు తెలుగులో అక్కినేని, తమిళంలో జెమినీ గణేశన్. ఘటోత్కచుడు మాత్రం రెంటిలోనూ ఎస్వీ రంగారావే. ‘పడిక్కాద మేదై’ (1960)లో శివాజీ గణేశన్ ఎదుట చేసిన పెద్దాయన పాత్రను రంగారావు తెలుగు ‘ఆత్మబంధువు’ (1962)లో రామారావు ఎదుట మళ్లీ చేశారు. హీరో మారినా ఆ పాత్ర ఆయన చేతిలోనే ఉంది. అందుకే ఆయన మావాడంటే మావాడని ఇక్కడ తెలుగువాళ్లూ తమిళులూ ఇద్దరూ అంటారు.

‘మాయాబజార్’లో మాయా శశిరేఖను తలుచుకోండి. సావిత్రి శరీరంలో ఘటోత్కచుడు కనబడాలి. ఆ నడకలో ఠీవి, మీసం మీదికి పోయే చెయ్యి, రంగారావు ముందుగా అంత స్పష్టంగా నిలబెట్టారు కాబట్టే సావిత్రి చూపగానే పిల్లలు కూడా పోల్చుకుంటారు. పక్కవారికి ఇంత ఆస్తి ఇచ్చిన నటన ఇంకెక్కడుంది? ‘నర్తనశాల’ (1963)లో కీచకుడిగా చేసిన రంగారావుకు జకార్తా ఆఫ్రో ఆసియా చిత్రోత్సవం ఇచ్చింది ఉత్తమ నటుడి బహుమతి. ఆ సినిమాలో హీరో మాత్రం రామారావు.

ఇప్పటి సినిమాల్లో వినే ముఖం మీద కెమెరా ఆగడం తగ్గింది. అది నష్టమే. నటులు లేక కాదు, ఆ రెండు క్షణాలు ఉంచే ఓపిక లేక. మీరు ఈసారి పాత సినిమా చూసేటప్పుడు, మాట్లాడుతున్నవారిని కాసేపు వదిలి, ఎదుట వింటున్నవారి ముఖం చూడండి. వారి పేరు తెలియకపోతే టైటిల్స్‌లో వెతికి మీ పిల్లలకు చెప్పండి.