నీళ్లు మాత్రమే కదిలే ఫోటో

కదలని ఫోటో మీద వీడియో క్లిప్పులోని ఒక ముక్కను పరిచి, ఆ ముక్క ఒక్కటే కదిలేలా చేయడం ఇప్పుడు ఫోన్లో కూడా అయ్యే పని. జలపాతం దూకుతూనే ఉంటుంది, చుట్టూ రాళ్లూ చెట్లూ మనుషులూ ఉన్నచోటే ఉంటారు. ఇరానీ కేఫులో కప్పు నుంచి ఆవిరి లేస్తుంది, కప్పు పట్టుకున్న చెయ్యి మాత్రం కదలదు. 2011లో న్యూయార్క్‌కు చెందిన జేమీ బెక్, కెవిన్ బర్గ్ ఇలాంటి బొమ్మలకు సినిమాగ్రాఫ్ అని పేరు పెట్టారు. పేరు కొత్తది, పని పాతది. చూసేవారి కన్ను నీళ్ల మీదకు పోతుంది. చేసేవారి కన్ను ఉండాల్సింది మాత్రం కదిలే చోటుకూ కదలని చోటుకూ మధ్య అతుకు మీద.

తెలుగు సినిమాకు ఈ అతుకు మాస్క్ షాట్ పేరుతో ఎప్పటినుంచో తెలుసు. ‘రాముడు భీముడు’ (1964) నాటి ద్విపాత్రాభినయాల్లో ఒకే నటుడు ఒకే ఫ్రేములో ఇద్దరుగా కనిపించాలంటే, లెన్సు ముందు సగం మూసి ఒకసారి తీసేవారు. తర్వాత ఫిల్మును కెమెరాలోనే వెనక్కి తిప్పి, మూసిన సగం తెరిచి, తెరిచిన సగం మూసి మళ్లీ తీసేవారు. ఈ రెండు సార్లకూ మధ్య కెమెరా వెంట్రుకవాసి జరిగినా వెనకున్న గోడ రెండుగా చీలినట్టు కనిపించేది. నటుడు మధ్యగీతను దాటడానికి వీల్లేదు. ఆ గీత ఏ స్తంభం మీదో తలుపు చట్రం మీదో పడితే చూసేవారికి అనుమానం రాదు.

బ్రిటన్‌లో, హాలీవుడ్‌లో మ్యాట్ చిత్రకారులు చేసినది సినిమాగ్రాఫ్‌కు ఇంకా దగ్గరి పని. వారి కదలని భాగం ఫోటో కాదు, గాజు మీద వేసిన రంగుల చిత్రం. ‘బ్లాక్ నార్సిసస్’ (1947) కథ హిమాలయాల్లో జరుగుతుంది. షూటింగ్ యూనిట్ మాత్రం ఇంగ్లండ్‌లోని పైన్‌వుడ్ స్టూడియోను దాదాపుగా వదల్లేదు. ఆ లోయల్లో చాలావాటిని పెర్సీ డే, ఆయన సహాయకులు కుంచెతో సృష్టించారు. నటులు కదిలే చోటును చిత్రంలో నల్లగా వదిలి, అక్కడ సజీవ దృశ్యాన్ని కలిపేవారు. నేటి కంప్యూటర్ తెర మీద లేయర్లతో జరిగేదీ అదే.

మన ఊళ్లలో ఈ విద్య ఇళ్లలోకి వచ్చింది పెళ్లి క్యాసెట్లతో. స్టూడియోవాళ్లు దాన్ని ‘మిక్సింగ్’ అనేవారు. గులాబీల ఫోటో మధ్య హృదయం ఆకారంలో కిటికీ, అందులో తలంబ్రాలు పోసుకుంటున్న వధూవరులు. ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది గానీ, ఆ పనిలో ఒక నిజాయితీ ఉంది. అతుకును దాచాలని వాళ్లు అనుకోలేదు, దాని చుట్టూ మెరుపులు అద్దారు. దాచాలనుకున్నప్పుడే కష్టం మొదలవుతుంది.

దాచే పని షూటింగ్ దగ్గరే సగం తేలిపోతుంది. మాచర్ల దగ్గరి ఎత్తిపోతల జలపాతాన్ని ఎదుటి వ్యూపాయింట్ నుంచి తీస్తున్నారనుకుందాం. ట్రైపాడ్ తప్పదు. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడింటినీ లాక్ చేయాలి. ఆటోలో వదిలేస్తే మబ్బు అడ్డొచ్చిన క్షణంలో కెమెరా తనంతట తానే వెలుగు సర్దుతుంది, అప్పుడు క్లిప్పులోని రాయి రంగు ఫోటోలోని రాయి రంగుతో కలవదు. ఫోటో వేరే తీయకుండా అదే క్లిప్పులోంచి ఒక ఫ్రేము తీసి దాన్నే ఫోటోగా వాడుకోవడం అన్నిటికన్నా సులువు. రెండూ ఒకే చోట, ఒకే వెలుగులో, ఒకే లెన్సుతో పుట్టినవి కాబట్టి సరిచూసే పనే ఉండదు. ఫోన్ తెర మీద చూడబోయే బొమ్మకు అది చాలు కూడా. 4కే ఫ్రేములో 3840×2160, అంటే దాదాపు 83 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. మామూలు ఫుల్ హెచ్‌డీ ఫ్రేములో ఉండేవి 21 లక్షలకు కాస్త తక్కువ.

పెద్ద ఫోటో కావాలంటే విడిగా తీయాల్సిందే. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫోటో 6000 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది. సెన్సర్ పూర్తి వెడల్పుతో 4కే వీడియో తీసే కెమెరా అయితే, ఫోటోను 64 శాతానికి కుదిస్తే రెండూ సరిపోతాయి. క్లిప్పును ఒకటిన్నర రెట్లకు పైగా సాగదీసి ఫోటోకు సరిపెట్టడం కూడా చేస్తారు గానీ, నీళ్లు అలుక్కుపోయి రాళ్లు పదునుగా ఉన్న బొమ్మ ఎవరినీ మోసం చేయలేదు. ఫోన్లతో ఇంకో చిక్కు ఉంది. వణుకు తగ్గించడానికి చాలా ఫోన్లు వీడియో తీసేటప్పుడు అంచులు కత్తిరిస్తాయి కాబట్టి దృశ్యం ఫోటోకన్నా ఇరుకుగా వస్తుంది. ఎంత శాతమన్నది లెక్కవేయడం దండగ. కదలని రెండు రాళ్ల మూలలను గుర్తుగా పెట్టుకుని అవి కలిసేదాకా క్లిప్పును సర్దడమే దారి. ఫోటోకూ వీడియోకూ మధ్య ట్రైపాడ్ కాస్త జరిగినా అంత దూరంలోని జలపాతానికి పెద్ద తేడా రాదు. బల్ల మీది టీ కప్పుకైతే ఒక్క అంగుళం చాలు. కప్పూ వెనక గోడా వేర్వేరుగా జరుగుతాయి, ఆ తేడాను ఏ సాఫ్ట్‌వేరూ సర్దలేదు. ఇండోర్లో ట్యూబ్‌లైట్ల కింద తీస్తుంటే షట్టర్ వేగం 1/50 లేదా 1/100 ఉండాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దీపాల వెలుగు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది. దానికి పొంతన లేని షట్టరైతే క్లిప్పులో వెలుగు అలలుగా కొట్టుకుంటుంది.

క్లిప్పును ఫోటో మీద పరిచాక మాస్కు వేయాలి. మాస్కులో తెల్లగా ఉన్నచోట పైనున్న వీడియో కనిపిస్తుంది, నల్లగా ఉన్నచోట కిందున్న ఫోటో కనిపిస్తుంది, బూడిదరంగులో రెండూ కలుస్తాయి. ఈ కలయిక లెక్కను 1984లో లూకాస్‌ఫిల్మ్‌లో పనిచేస్తున్న థామస్ పోర్టర్, టామ్ డఫ్ ఒక పత్రంలో సూత్రీకరించారు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఇప్పటికీ దాని మీదే నడుస్తున్నాయి. మాస్కు విలువ పావు ఉన్న పిక్సెల్ దగ్గర వీడియో వెలుగు 200, ఫోటో వెలుగు 100 అనుకుంటే, 200లో పావు 50, 100లో ముప్పావు 75, మొత్తం 125 కనిపిస్తుంది. ఫోటోషాప్‌లో బ్రష్‌తో దిద్దినా, ఎడియస్‌లో గీత గీసినా, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ఆదేశం రాసి ఓవర్‌లే చేసినా లోపల జరిగేది ఇంతే.

ఇక అతుకు ఎక్కడ పడాలన్నది. చీరకు ఫాల్ కుట్టేవాళ్లు కుట్టును జరీ గీత వెంబడే పోనిచ్చినట్టు, మాస్కు అంచు దృశ్యంలో ముందే ఉన్న ఏదో ఒక గీత వెంట నడవాలి. ఎత్తిపోతలలో అది తడిసిన నల్లరాయికీ నీటికీ మధ్య హద్దు. అక్కడ ఒకవైపు సహజంగానే కదలదు, మరోవైపు సహజంగానే కదులుతుంది కాబట్టి అంచు రెండు మూడు పిక్సెళ్లు అటూ ఇటూ అయినా పట్టుబడదు. చిక్కంతా జలపాతం పక్కన మొలిచిన పొదలతో. తుంపర గాలికి ఆకులు ఊగుతూ ఉంటాయి. అంచు పొద మధ్యలోంచి పోతే సగం ఆకు ఊగుతుంది, సగం ఆకు కదలదు. పొదను మొత్తంగా కదిలే వైపైనా చేర్చాలి, మొత్తంగా ఆపైనా వేయాలి. అంచును మెత్తబరిచే ఫెదర్ ఉంది కదా అని చాలామంది దాన్ని 40, 50 పిక్సెళ్లకు పెంచేస్తారు. నురగ మీద, పొగమంచు మీద అది బాగానే పనిచేస్తుంది. ఆకు మీదైతే కదిలే ఆకూ కదలని ఆకూ ఒకదానిమీదొకటి పడి దెయ్యం నీడలా కనిపిస్తాయి.

కదిలే వస్తువుకు ఒక పరివారం ఉంటుంది. దాన్ని మరిచిపోవడం వల్ల చెడిపోయిన బొమ్మలు, అంచు సరిగా గీయక చెడిపోయిన వాటికన్నా ఎక్కువే ఉంటాయి. దీపం జ్వాల రెపరెపలాడుతుంటే గోడ మీద దాని వెలుగు కూడా ఊగాలి. జ్వాల చుట్టూ మాత్రమే మాస్కు గీస్తే చూసేవారికి తప్పెక్కడో తెలియకపోయినా నమ్మకం కుదరదు. వెలుగు పడిన గోడను కూడా చాలా మెత్తటి మాస్కుతో కలుపుకోవాలి. జలపాతం కింది మడుగులో నీళ్ల ప్రతిబింబం, ఊగే కొమ్మ నేల మీద వేసే నీడ కూడా ఇంతే. ఆవిరి సంగతి వేరు. దానికి అంచే లేదు. వెనక చీకటిగా ఉండేలా కప్పును పెట్టి, పక్క కిటికీ వెలుగులో తీసి, ఆ లేయర్‌ను స్క్రీన్ మోడ్‌లో పెడితే నల్లదంతా మాయమై తెల్లటి ఆవిరి ఒక్కటే ఫోటో మీద మిగులుతుంది.

అంచు ఎంత చక్కగా కుదిరినా పట్టిచ్చేసేది ఇంకొకటి ఉంది, గ్రెయిన్. వెలుగు తక్కువైన చోట తీసిన వీడియోలో సన్నటి రేణువులు ఫ్రేము ఫ్రేముకూ మారుతూ చీమల్లా పాకుతుంటాయి. ఫోటో భాగంలో ఆ రేణువులు గడ్డకట్టి ఉంటాయి. నీడలో ఉన్న గోడ సగం పాకుతూ సగం నిలిచి ఉంటే మాస్కు గీత దానంతట అదే బయటపడుతుంది. ఫిల్ము కాలంలోనూ ఇదే తలనొప్పి. సజీవ దృశ్యాన్ని ఒక ఫిల్ము నుంచి మరో ఫిల్ముకు నకలు తీసినప్పుడల్లా గ్రెయిన్ ముదిరేది, గాజు మీద వేసిన చిత్రం మాత్రం నున్నగా ఉండేది. ‘ద బర్డ్స్’, ‘ఎర్త్‌క్వేక్’ సినిమాలకు పనిచేసిన ఆల్బర్ట్ విట్‌లాక్ దీనికి విరుగుడుగా ఒరిజినల్ నెగటివ్ పద్ధతిని పట్టుకున్నారు. లెన్సు ముందు ఒక భాగం మూసి సజీవ దృశ్యాన్ని తీశాక ఆ ఫిల్మును డెవలప్ చేయకుండానే దాచేవారు. చిత్రం పూర్తయ్యాక అదే ఫిల్ము మీద మిగిలిన భాగాన్ని ఎక్స్‌పోజ్ చేసేవారు. రెండు భాగాలూ ఒకే తరం నెగటివ్ మీద ఉంటాయి కాబట్టి గ్రెయిన్‌లో తేడా రాదు. తప్పు జరిగితే మాత్రం ఆ షాట్ మళ్లీ దొరకదు. డిజిటల్‌లో విరుగుడు తేలిక: క్లిప్పు భాగంలో నాయిస్ తగ్గించి, రెండూ కలిపిన తర్వాత మొత్తం బొమ్మ మీద కదిలే గ్రెయిన్ పలచగా చల్లాలి. అప్పుడు కదలని రాయి కూడా కాస్త ఊపిరి పీల్చుకున్నట్టు ఉంటుంది. ఈ ఒక్క మెట్టూ వదిలేసిన పనులే ఎక్కువ కనిపిస్తాయి.

తర్వాత లూప్. ఐదు సెకన్ల క్లిప్పులో మొదటి సెకనును కోసి, చివరి సెకను మీద పరిచి, నెమ్మదిగా కనిపించేలా కలిపితే నాలుగు సెకన్ల లూప్ వస్తుంది, మొదలూ చివరా తెలియవు. నీటికీ పొగకూ ఇది సరిపోతుంది. ముందుకు నడిపి వెనక్కి తిప్పే పద్ధతి పరదాకూ ఉయ్యాలకూ పనికొస్తుంది, జలపాతానికి వాడితే మాత్రం అది నిజంగానే ఎత్తిపోతల పథకమైపోతుంది. 2000లో ఆర్నో షోడల్, రిచర్డ్ జెలిస్కీ, డేవిడ్ సేల్సిన్, ఇర్ఫాన్ ఎస్సా ‘వీడియో టెక్స్‌చర్స్’ పేరుతో ఇంకో దారి చూపారు. కంప్యూటరే క్లిప్పంతా వెతికి, ఒకదాన్నొకటి పోలిన ఫ్రేములు పట్టుకుని, వాటి మధ్య గెంతుతూ తెగని కదలికను అల్లుతుంది.

ఎంత కదలాలన్నది రుచికి సంబంధించిన మాట. జలపాతమూ మబ్బులూ జెండా అన్నీ కదిలే బొమ్మ చెడిపోయిన వీడియోలా ఉంటుంది. క్రిస్ మార్కర్ తీసిన ‘లా జెటే’ (1962) దాదాపు అంతా స్టిల్ ఫోటోలతోనే నడుస్తుంది, ఒకే ఒక్క చోట పడుకున్న స్త్రీ కళ్లు తెరుస్తుంది. అక్కడ అతుకు లేదు, లేయర్ లేదు. అయినా ఎంత పొదుపుగా కదిలిస్తే అంత బలం అన్నది అంతకంటే బాగా చూపిన సినిమా మరొకటి చెప్పడం కష్టం. కదలడానికి వీలున్న మనిషి ఆగిపోయి, పక్కన చిన్నదేదో కదిలినప్పుడే ఈ బొమ్మ పండుతుంది. చుట్టూ కొండలు తప్ప మరేమీ లేకపోతే ఆగిపోయినదేదీ ఉండదు, అది మామూలు వీడియోనే.

చివరగా దాచుకునే రూపం. జిఫ్ ఫార్మాట్‌లో మారిన ముక్కను మాత్రమే ఫ్రేముగా నిల్వ చేయవచ్చు కాబట్టి మొదట్లో ఈ బొమ్మలు అందులోనే పెరిగాయి. కానీ ఒక ఫ్రేముకు 256 రంగులే దొరుకుతాయి, ఆకాశం చారలు చారలుగా విడిపోతుంది. ఇప్పుడు ఎంపీ4 మేలు. అయితే వీడియో కుదింపులో అప్పుడప్పుడు పూర్తి ఫ్రేము ఒకటి వస్తుంది, దాన్ని కీఫ్రేమ్ అంటారు. అది వచ్చిన ప్రతిసారీ కదలని భాగం కూడా చిన్నగా అదురుతుంది. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున నాలుగు సెకన్ల లూప్‌లో 100 ఫ్రేములే ఉంటాయి కాబట్టి, కీఫ్రేమ్ దూరాన్ని 100 లేదా అంతకంటే ఎక్కువ పెడితే మొదటి ఫ్రేము తప్ప మధ్యలో మరో కీఫ్రేమ్ పడదు.