ఏ ఊరు పెద్దది?

అమెరికాలో తెలుగువాళ్ళం నలుగురం కలిస్తే వీసాలు, ఇళ్ళ ధరలు అయిపోయాక తప్పకుండా వచ్చే వాదన ఒకటుంది. ‘మీదేం ఊరండీ, మా ఊరు చూడండి’ అన్నది. షికాగోలో పదకొండేళ్ళు, హ్యూస్టన్‌లో తొమ్మిదేళ్ళు కాపురం చేసినవాణ్ణి కాబట్టి ఈ వాదనలో నన్ను పెద్దమనిషిగా కూర్చోబెడుతుంటారు. నా తీర్పు ఇద్దరికీ నచ్చదు. అయినా చెప్తాను.

ముందు అంకెలు. 2020 జనాభా లెక్కల ప్రకారం షికాగోలో సుమారు 27 లక్షల 46 వేల మంది, హ్యూస్టన్‌లో 23 లక్షల పైచిలుకు. నేల మాత్రం షికాగోకి సుమారు 230 చదరపు మైళ్ళయితే, హ్యూస్టన్‌కి 640. నేల లెక్కన హ్యూస్టన్ రెండున్నర షికాగోలకి పైమాటే. కానీ హ్యూస్టన్‌కి కొత్తగా వచ్చిన చుట్టాన్ని అరగంట కారులో తిప్పాక, ‘ఇంతకీ ఊరెప్పుడొస్తుంది?’ అంటాడు. షికాగోలో ఆ ప్రశ్న రాదు.

ఎందుకు రాదు? చదరపు మైలుకి అక్కడ 12 వేల మంది, ఇక్కడ 3,600 మంది అని చెప్పి ఊరుకోవచ్చు. అది సగం జవాబే. కెవిన్ లించ్ అనే ఆయన 1960లో నగరాల గురించి ఒక పుస్తకం రాశాడు. ఊరు మనిషి మనసులో బొమ్మ కట్టాలంటే దారులు, అంచులు, పేటలు, కూడళ్ళు, గుర్తులు కావాలన్నాడు. షికాగోలో ఇవన్నీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. తూర్పున సముద్రంలాంటి సరస్సు. స్టేట్, మాడిసన్ వీధులు కలిసే చోట సున్నా పెట్టి, చాలా మటుకు మైలుకి 800 చొప్పున ఇంటి నంబర్లు వేసుకుంటూ పోయారు. ఇంజనీరింగు చదివినవాడికి గ్రాఫు కాగితం మీద నడుస్తున్నట్టే ఉంటుంది. 1897 నుంచీ డౌన్‌టౌన్ చుట్టూ నెత్తిమీద రైలు తిరుగుతూనే ఉంది. ఇక సియర్స్ టవర్ సంగతి. 2009లో విల్లిస్ టవర్ అని పేరు మార్చినా మనవాళ్ళ నోట్లో పాత పేరే. 110 అంతస్తుల ఆ భవనానికి లెక్కలు కట్టింది ఢాకా ఇంజనీరు ఫజ్లుర్ రహమాన్ ఖాన్. తొమ్మిది గొట్టాల్ని కలిపి కట్టగా నిలబెట్టాడు. చీపురుపుల్ల వంగుతుంది గానీ చీపురుకట్ట వంగదు కదా, అదే సూత్రం.

హ్యూస్టన్ కథ వేరు. ఏ వీధిలో ఏం కట్టాలో శాసించే జోనింగు చట్టాన్ని ఇక్కడి ఓటర్లు 1948లో, 1962లో, 1993లో మూడుసార్లూ తిప్పికొట్టారు. అంచేత చర్చి పక్కన టైర్ల కొట్టు, దాని పక్కన ఆకాశహర్మ్యం ఉండచ్చు. 1983లో కట్టిన 64 అంతస్తుల విలియమ్స్ టవర్, డౌన్‌టౌన్‌కి ఆరేడు మైళ్ళ దూరంలో తన దారిన తాను నిలబడి ఉంటుంది. డౌన్‌టౌన్‌లో మధ్యాహ్నం జనం కనబడరేమిటా అనుకుంటాం. వాళ్ళు ఎండకి జడిసి నేలకింద ఆరు మైళ్ళ పైన ఉన్న సొరంగాల్లో భోజనాలు చేస్తుంటారు. 2008లో విస్తరించిన కేటీ ఫ్రీవే, పక్కరోడ్లతో కలిపితే కొన్నిచోట్ల 26 వరసల దాకా ఉంటుంది. గోదావరంత వెడల్పు. దాటాలంటే మాత్రం పడవలుండవు.

నా కొలబద్ద ఒక్కటే: కారు నడపలేని మనిషికి ఆ ఊరు ఎంత పెద్దది? షికాగోలో డెవాన్ వీధి దగ్గర అపార్ట్‌మెంటులో ఉన్న రోజుల్లో మా నాన్నగారు వచ్చారు. నెల తిరక్కుండా బస్సెక్కి, రైలు మారి, ఒంటరిగా సరస్సు ఒడ్డుదాకా వెళ్ళి రావడం నేర్చుకున్నారు. సాయంత్రం నాకే కబుర్లు చెప్పేవారు. హ్యూస్టన్‌కి వచ్చినప్పుడు ఆయనకి నాలుగు పడగ్గదుల ఇల్లు, పెద్ద టీవీ ఉన్నాయి. నేను ఆఫీసునుంచి ఎప్పుడొస్తానా అని కిటికీ దగ్గర కూచునేవారు. ఆయనకి 640 చదరపు మైళ్ళ ఊరు మా ఇంటి గేటు దగ్గరే అయిపోయింది.

అలాగని షికాగోకి పట్టం కట్టేసి ఊరుకోను. 1950లో 36 లక్షలున్న జనాభా ఇప్పుడు 27 లక్షలకి దిగింది. ఆ గ్రాఫు కాగితం మీదే తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ మధ్య గీతలు గీశారు. దక్షిణాన, పడమటన వాటి జాడలు నేటికీ చెరగలేదు. హ్యూస్టన్‌లో హిల్‌క్రాఫ్ట్ వైపు వెళ్ళండి. మన పచారీ కొట్టు, పాకిస్తానీ హోటలు, మెక్సికో వాళ్ళ దుకాణం ఒకే పేటలో కనిపిస్తాయి. అందం లేకపోయినా సందడి ఉంది. నగరమంటే అదీ ఒక భాగమే.

అసలు పేచీ ఇక్కడుంది. షికాగో మాదనేవాళ్ళలో ఎక్కువమందిమి ఉండేది నేపర్‌విల్‌లో, షాంబర్గులో. హ్యూస్టన్ మాదనేవాళ్ళం షుగర్‌లాండులో, కేటీలో. అక్కడ బాలాజీ గుడి అరోరాలో ఉంటే, ఇక్కడ మీనాక్షి గుడి పేర్‌లాండులో. రెండూ నగరం పొలిమేర బయటే, రెంటికీ కారుండాల్సిందే. మన ఇళ్ళని రాత్రికి రాత్రి అటువి ఇటూ ఇటువి అటూ మార్చేస్తే, చలీ ఎండా తప్ప తేడా తెలియదు. చుట్టాలొచ్చినప్పుడు చూపించడానికి తప్ప మనం వెళ్ళని నగరం గురించి మనం పోట్లాడుకుంటున్నాం.

సబర్బుల్లో ఉండడం తప్పని అనను. పిల్లల బడులు, వాకిలి, నలుగురు మనవాళ్ళు, అన్నీ నిజమైన అవసరాలే. ఇల్లు కొనేటప్పుడు బడి రేటింగూ చదరపు అడుగులూ అడిగినట్టే, నడిచి వెళ్ళగల దూరంలో ఏముందో కూడా అడగమంటాను. పదేళ్ళ పిల్లవాడు ఒంటరిగా గ్రంథాలయానికి వెళ్ళగలడా? వచ్చిన అమ్మానాన్నలు కాఫీ తాగడానికి మన తీరిక కోసం ఆగాలా? ఇవి వాళ్ళ కోసమే అనుకోకండి. మన తరం ఇక్కడే ముసలిదవుతోంది. కారు తాళాలు పిల్లల చేతికిచ్చే రోజు మనకీ వస్తుంది. మన ఊరు ఎంత పెద్దదో ఆ రోజున తెలుస్తుంది.