గోరక్షుడు వద్దన్న ప్రయాణం

ఆసనాల మీద మనకు మిగిలిన పాత పుస్తకాల్లో హఠయోగ ప్రదీపికది పెద్దపీట. పదిహేనో శతాబ్దంలో స్వాత్మారాముడు రాశాడు. కొత్తగా సాధనలోకి దిగినవాడు దేనికి దూరంగా ఉండాలో అందులో ఒకచోట చెప్పాడు. చెడ్డవాళ్ల పొత్తు, చలిమంట, స్త్రీ సాంగత్యం, తెల్లవారుజాము స్నానం, ఉపవాసం, ఒళ్లు హూనం చేసుకునే పనులు. వాటి నడుమే దారి నడవడాన్నీ చేర్చాడు. పైగా అది తన మాట కాదు, గోరక్షనాథుడి మాట అని మరీ చెప్పాడు. ఊళ్లు తిరగడమే బతుకైన నాథయోగుల్లో గోరక్షుడు పెద్ద తలకాయ. కథల్లో ఆయన ఒకచోట కుదురుగా కూర్చున్నది తక్కువ. అలాంటివాడు శిష్యుడితో ఇల్లు కదలొద్దన్నాడు!

ప్రయాణాల్లో ఆసనాలు వేయడాన్ని ఆత్మాన్వేషణ అని పిలుచుకోవడం ఈ మధ్య బాగా పెరిగింది. కొండకొమ్మున వృక్షాసనం, సముద్రపుటొడ్డున నటరాజాసనం, వెనక సూర్యోదయం. వానాకాలం నిజాంసాగర్ గేట్లు ఎత్తినప్పుడు కట్ట మీద ఒంటికాలిపై నిలబడి ఫొటో దిగాలన్న సరదా మనవాళ్లకూ పుడుతుంది. తడిసిన రాతి మీద ఆ సరదా ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. అది పక్కన పెట్టినా, ఫొటో కోసం వేసిన ఆసనంలో మనసంతా చూసేవాడి మీదే ఉంటుంది. వేసేవాడికి తన గురించి తెలిసేది బహుతక్కువ.

గోరక్షుడి మాటలో ఉన్న లెక్క వేరు. అదే ప్రదీపిక సాధకుడి గదిని కూడా వర్ణించింది. చిన్న తలుపు, కిటికీ ఉండదు, ఆవుపేడతో అలికిన నేల, పురుగూ పుట్రా లేని చోటు. రోజూ అదే వేళ, అదే తిండి, అదే తావు. చుట్టూ ఏదీ మారకుండా ఉంటేనే ఒంట్లో వచ్చే మార్పు పట్టుబడుతుంది. ఈ రోజు కుడి తుంటి బిగిసిందంటే నిన్న రాత్రి తిన్నదానివల్లో కూర్చున్న తీరువల్లో అని పోల్చుకోవచ్చు. దారిలో ఇవన్నీ ఒక్కసారే మారిపోతాయి. ఇంకా పునాది పడనివాడికి ఏది ఎందుకు జరిగిందో అంతుపట్టదు. కాబట్టి ఆ నిషేధం మొదటి మెట్టు మీద ఉన్నవాడికి. కుదురు చిక్కినవాడికి దారి మూసేయలేదు.

తెలుగు నేల మీదే దీనికి సాక్ష్యం ఉంది. శ్రీశైలం మల్లికార్జునుడి గుడి చుట్టూ ఉన్న ప్రాకారపు గోడ మీద రకరకాల ఆసనాల్లో ఉన్న సిద్ధుల శిల్పాలు కనిపిస్తాయి. అడవి దారిన రోజుల తరబడి నడిచివచ్చిన యాత్రికుడు గుడి చుట్టూ తిరుగుతూ చూసే బొమ్మలవి. ఆ శ్రీశైలంలోని భిక్షావృత్తి మఠం కోసమే పదిహేనో శతాబ్దంలో గౌరన నవనాథ చరిత్రను ద్విపదలో రాశాడు. నాథసిద్ధులైన మత్స్యేంద్రుడు, గోరక్షుడు, చౌరంగి అందులో దేశదేశాలు తిరుగుతారు. కథల్లోనే కాదు, నిజంగా తిరిగినవాళ్లూ ఉన్నారు. పద్దెనిమిదో శతాబ్దంలో పూరణ్ పురి అనే సన్యాసి రెండు చేతులూ పైకెత్తి ఉంచే ఊర్ధ్వబాహు వ్రతం పట్టి, ఆ చేతులతోనే రామేశ్వరం నుంచి టిబెట్ దాకా, అటు మాస్కో దాకా తిరిగొచ్చాడు. కాశీలో ఇంగ్లీషు దొర జోనాథన్ డంకన్ ఆయన చెప్పిందంతా రాయించి అచ్చు వేయించాడు. పూరణ్ పురి చేసింది మనం చేయాల్సిన పని కాదు, చేతులు ఎండిపోతాయి. కానీ శరీరాన్ని ఒక భంగిమలో నిలిపి లోకమంతా తిరగడం మన దగ్గర కొత్త ఫ్యాషనేమీ కాదని మాత్రం తెలుస్తుంది.

ఇక మన బాన్సువాడ సంగతి. ఇక్కడ ప్రయాణమంటే సరదా తక్కువ, అవసరం ఎక్కువ. ఊరికి రైలు లేదు. రైలెక్కాలంటే కామారెడ్డికో నిజామాబాద్‌కో బస్సులో పోవాలి. ఆస్పత్రి పనో ఆఫీసు పనో పడి హైదరాబాద్ పోతే బస్సులో నాలుగు గంటలకు అటూ ఇటూ. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో గల్ఫ్‌కు మనిషిని పంపని వాడ వెతికినా దొరకడం కష్టం. ఆసనం ఇలాంటి ప్రయాణానికి పనికొస్తుందా అన్నదే నన్నడిగితే అసలు ప్రశ్న. రిషికేశ్‌లో నదికి ఎదురుగా పరిచిన చాప మీద ఎవరికైనా పనికొస్తుంది.

ముందు బస్సులో నిలబడ్డవాళ్ల సంగతి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక పల్లెవెలుగుల్లో, ఎక్స్‌ప్రెస్‌లలో రద్దీ పెరిగింది, నిలబడి పోయేవాళ్లూ పెరిగారు. నిలబడటం కూడా ఆసనమే. తాడాసనం అంటే చేతులు పైకెత్తి సాగదీయడమని చాలామంది అనుకుంటారు. దాని ప్రాణమంతా పాదాల్లో ఉంది. బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, మడమ, ఈ మూడుచోట్లా బరువు సమంగా పడాలి. మోకాళ్లు వెనక్కి బిగించకూడదు, కొద్దిగా సడలాలి. తోకఎముక కిందికి, నడినెత్తి పైకి. కదిలే బస్సులో కిటికీ వైపు తిరిగి, పాదాలు కాస్త ఎడంగా పెట్టి నిలబడితే బ్రేకు వేసినప్పుడు తూలిపోరు. పై రాడ్డు పట్టుకున్న చేతిని కాసేపటికోసారి మార్చాలి. కాస్త గమనిస్తే ఒక సంగతి బయటపడుతుంది. మనం ఎప్పుడూ ఒకే కాలి మీద బరువు వేస్తాం. ఏళ్ల తరబడి అలా నిలబడ్డ నడుముకు నొప్పి ఎందుకొచ్చిందో డాక్టరు చెప్పకముందే ఆ బస్సు చెబుతుంది.

సీటు దొరికినవాళ్లకు వేరే చిక్కు. కదలకుండా కూర్చుంటే పిక్కల కండరాలు పని మానేస్తాయి. కాళ్లలోని రక్తాన్ని పైకి నెట్టేది ఆ కండరాల కదలికే. నాలుగు గంటలు, అంతకు మించి చేసే ప్రయాణాలు, బస్సైనా రైలైనా విమానమైనా, సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశాన్ని దాదాపు రెట్టింపు చేస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తేల్చింది. అసలు ప్రమాదం చిన్నదే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో సుమారు 6,000 మందిలో ఒకరికి. ఇటీవల ఆపరేషనైనవాళ్లు, గర్భిణులు, భారీకాయులు మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. దీనికి మందు బిహార్‌లోని ముంగేర్ యోగ విద్యాలయం నేర్పే పవనముక్తాసన వరసలో దొరుకుతుంది. 1963లో ఆ విద్యాలయం పెట్టిన స్వామి సత్యానంద సరస్వతి, కాలివేళ్ల నుంచి మెడ దాకా ఒక్కో కీలునూ విడిగా కదిపే ఈ వరసను తీర్చిదిద్దారు. బస్సు సీట్లో కాలివేళ్లు ముడవడం, విప్పడం, చీలమండలు ముందుకీ వెనక్కీ ఆడించడం, మడమలు ఎత్తి దించడం ఎవరికీ కనబడకుండా చేయొచ్చు. గంటకోసారి చేస్తే చాలు. నడుము తిప్పే వక్రాసనం మాత్రం బస్సు ఆగినప్పుడే. గుంతల రోడ్డు మీద వెన్ను మెలిపెట్టి కూర్చుంటే ఒక్క కుదుపు చాలు, నాలుగు రోజులు మంచమెక్కిస్తుంది.

శ్వాస దగ్గరే చాలామంది పొరపాటు చేస్తారు. కడుపులో తిప్పుతుంటే కపాలభాతి చేద్దామనుకుంటారు. వద్దు. పీల్చేటప్పుడు మనసులో నాలుగు అంకెలు, వదిలేటప్పుడు ఆరు, అంతే. చూపు దూరంగా, రోడ్డు ఆకాశంతో కలిసే చోట నిలపాలి. ఫోన్ జేబులో ఉండాలి.

రైల్లో తావు ఇంకొంచెం దొరుకుతుంది. కింది బెర్తు దొరికితే తిన్నాక ఐదు నిమిషాలు వజ్రాసనం. భోజనం చేసిన వెంటనే వేయదగ్గ ఆసనం మామూలుగా ఇదొక్కటే అంటారు. మోకాళ్లు నొప్పులున్నవాళ్లు దీని జోలికి పోవద్దు. పై బెర్తులో కూర్చోవడానికి తల పట్టదు కాబట్టి పడుకునే ఒక్కో మోకాలూ పొట్టకు హత్తుకుని, తర్వాత శవాసనం. ప్రదీపిక చెప్పిన పదిహేను ఆసనాల్లో శవాసనం ఒకటి, అది అలసట తీరుస్తుందని ఆ పుస్తకమే అంటుంది. చక్రాల చప్పుడు మధ్య శవాసనం కుదిరినవాడికి ఇంట్లో ఫ్యాను చప్పుడు అడ్డు కాదు.

గల్ఫ్‌లో ఉన్న మనవాడి సంగతి యోగా మీద వచ్చే వ్యాసాల్లో కనబడదు. దుబాయిలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మిట్టమధ్యాహ్నం ఎండలో పని చేయించకూడదని నిబంధన ఉంది, మిగతా పొద్దంతా పనే. రూముకు తిరిగొచ్చాక మిగిలేది రెండు బంకు మంచాల నడుమ మనిషి వెడల్పు తావు. పొద్దంతా బరువులు మోసినవాడికి సూర్యనమస్కారాలు చెప్పడం పాపం. అతనికి కావాల్సింది మూడే. చద్దరు పరుచుకుని బోర్లా పడుకునే మకరాసనం, పదిసార్లు ఊపిరి తీసి వదిలేంతసేపు. ఆపైన మోచేతుల మీద ఛాతీ కొద్దిగా లేపే చిన్న భుజంగాసనం. చివరగా వెల్లకిలా పడుకుని కాళ్లు గోడకు నిట్టనిలువుగా ఆనించి ఐదారు నిమిషాలు. చాలామంది విపరీతకరణి అని పిలిచే ఈ చివరిది పాదాల వాపును తీస్తుంది. కంట్లో నీటికాసులు (గ్లకోమా), అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు మానాలి. ఊళ్లో ఉన్నప్పుడు ఆసనాల పేరెత్తని మనిషి అక్కడ ఇవి చేశాడంటే అది తన ఒంటిని తాను మొదటిసారి పట్టించుకోవడం. ఇంతకాలం ఆ ఒళ్లు కంపెనీకి, ఇంటికి, అప్పుకు పనిచేసింది.

ప్రయాణంలో తనను తాను తెలుసుకోవడం అనే పెద్ద మాటకు నాకు తెలిసిన అర్థం ఇక్కడే దొరికింది. దాన్ని పతంజలి దగ్గర సరిచూసుకోవచ్చు. యోగసూత్రాలు 195 అనీ 196 అనీ రెండు లెక్కలున్నాయి. అంత గ్రంథంలో ఆసనానికి ఆయన ఇచ్చింది మూడే, రెండో పాదంలో 46 నుంచి 48 దాకా. ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలన్న మొదటి సూత్రం అందరి నోటా వినిపిస్తుంది. బలవంతం సడలితే ఆసనం కుదురుతుందన్న రెండోది కొందరికి తెలుసు. కుదిరాక ఎండా చలీ లాంటి ద్వంద్వాలు మనిషిని కొట్టలేవన్న మూడోది పెద్దగా ఎవరూ తలవరు. ఇంట్లో ఆ మూడోదాన్ని పరీక్షించే అవకాశమే లేదు. ఏసీ గది, మెత్తటి చాప, తలుపు గడియ ఉన్నచోట ద్వంద్వం ఎక్కడుంది? కామారెడ్డి ప్లాట్‌ఫారం మీద రాత్రి రెండు గంటలు ఆలస్యమైన రైలు కోసం కూర్చున్నప్పుడుంటుంది. దోమలు, ఆకలి, పక్కవాడి ఫోన్లో మోగే పాట. అప్పుడు వెన్ను నిలిపి కూర్చోగలిగితే ఆ మూడో సూత్రం మనకు ఏ మేరకు తెలిసిందో తేలిపోతుంది. చాలాసార్లు తేలేది మన చిరాకు. అదీ తెలియాల్సిందే.

ఇంకొకటి కూడా తేలుతుంది. పతంజలి వరసలో ఆసనానికి ముందు యమనియమాలు, అంటే నడవడికకు సంబంధించిన నియమాలు, ఉన్నాయి. బస్సెక్కేటప్పుడు ముసలమ్మను తోసేసి సీటు పట్టుకున్నవాడు, బెర్తు కింద అరటితొక్కలు పడేసినవాడు తర్వాత పద్మాసనం ఎంత బాగా వేసినా అతను మెట్లు దాటేసి వచ్చినట్టే.

దారిలో సాధన కుదరకపోతే నేరం చేసినట్టు బాధపడేవాళ్లున్నారు. అక్కర్లేదు. ప్రయాణికుడికి సడలింపు ఇవ్వని సంప్రదాయం అరుదు. బాన్సువాడ బస్టాండులో తువాలు పరిచి నమాజు చేసే ముసాఫిర్‌ను చూడండి. ప్రయాణంలో నాలుగు రకాతుల నమాజు రెండుకు తగ్గుతుంది, మానేయమని మాత్రం ఎవరూ చెప్పలేదు. 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య హైదరాబాద్ దాటాక కామారెడ్డి మీదుగానే ఉత్తరానికి పోయాడు. మజిలీలో నీళ్లెక్కడ, నీడెక్కడ అన్నది ఆ యాత్ర గురించి ఆయన రాసుకున్నదాంట్లో పదేపదే వస్తుంది. స్నానానికీ వంటకీ అనుష్ఠానానికీ తావు వెతుక్కోవడం ఆనాటి యాత్రలో సగం పని. పదిహేను నెలలకు పైగా సాగిన ఆ యాత్ర 1831 సెప్టెంబరులో ముగిసింది. తగ్గించి చేయడం, ఆపకుండా చేయడం, రెండూ మన పాత యాత్రికులకు తెలిసిన విద్యలే.

ఇక బయల్దేరేవాళ్లకు నా మాట. ఇంట్లో కనీసం ఆరు నెలలు ఒక గురువు దగ్గర నేర్చుకున్నాకే దారిలో మొదలుపెట్టండి, గోరక్షుడి మాట అంతవరకు వినండి. కొత్త ఆసనం ఏదీ ప్రయాణంలో ప్రయత్నించకండి. శీర్షాసనం ఇంట్లోనే వదిలి వెళ్లండి. బండల మీద చద్దరు జారుతుంది, నిలబడి చేసేవి ఒట్టి కాళ్లతో నేల మీదే చేయండి. మీ ఇంటి నుంచి గల్ఫ్‌కు పోయిన మనిషి ఉంటే, పైన చెప్పిన మూడింటినీ రాత్రి ఫోన్‌లో మాట్లాడేటప్పుడు చెప్పండి. వాటికి చాప కూడా అక్కర్లేదు.