రాక్సుబర్గు చిత్రగ్రంథమున మన చెట్ల పేళ్లు

తెలుఁగుసీమ చెట్టుచేమలను వర్ణించి రంగుల చిత్రములతో నచ్చయిన గ్రంథములలో మిక్కిలి పేరుగన్నది తెలుఁగున వ్రాయఁబడినది కాదు; తెలుఁగుసీమలో నచ్చయినదియుఁ గాదు. విలియము రాక్సుబర్గు రచించిన ‘కోరమాండలు తీరపు మొక్కలు’ అను నింగ్లీషు గ్రంథము 1795లో లండను నగరమున వెలువడ నారంభించి, మూఁడు సంపుటములుగ 1820 నాఁటికి ముగిసినది. సంపుటమునకు నూఱేసి వంతున మున్నూఱు చిత్రఫలకములు. పుటయెత్తు రెండడుగులకు రమారమి. సామాన్యమైన బల్లపైఁ దెఱచి పెట్టినచో బల్లనంతయు నిదియే యాక్రమించును. ఇట్టి గ్రంథమును కొనఁగలవారు ధనవంతులు, చూడఁగోరువారు వృక్షశాస్త్రజ్ఞులు, చదువవలసినవారు మాత్రము మన పండితులని నా యభిప్రాయము. పేరు కోరమాండలనియున్నను, అనఁగా చోళమండలమనియున్నను, ఇందలి మొక్కలలోఁ బెక్కులు చోళదేశమువి కావు, ఉత్తరసర్కారులవి. గ్రంథకర్త వానిని నాటి, పెంచి, పరిశీలించిన చోటు సామర్లకోట.

రాక్సుబర్గు స్కాట్లండు దేశీయుఁడు; 1751లో జన్మించి, ఎడింబరో నగరమున వైద్యము నభ్యసించి, 1776లో మదరాసు వైద్యశాఖయందుఁ జేరెను. సామర్లకోటలో నుద్యోగియై యుండఁగా మిరియపుతోఁట వేసెను. నీలి, చెఱకు మొదలగు పైరులను బరీక్షించెను. ఆయనకు ముందు ఈ తీరమున మొక్కల నన్వేషించిన కోనిగ్ అను పండితుఁడు, లిన్నేయసు శిష్యుఁడు, 1785లో కాకినాడ జగన్నాథపురమున మరణించెను. 1787లో కోరంగి ప్రాంతమును ముంచిన యుప్పెనలో రాక్సుబర్గు తాను గూర్చిన మొక్కలను, పుస్తకములను, వ్రాఁతలను పోఁగొట్టుకొనెను. మఱియొకఁడైనచో నంతటితో విరమించియుండును. ఆయన మరల మొదటినుండి కూర్చెను. 1793లో కలకత్తా తోఁటకు నధికారియై వెడలువఱకు ఆ పని సర్కారులలోనే సాగినది. విశాఖపట్టణమున నుండి మన పాములను, చేఁపలను వర్ణించిన పాట్రిక్ రస్సెలు ఈ గ్రంథమునకుఁ బీఠిక వ్రాసెను. కుంఫిణీవారు వ్యయము భరింపఁగా, సర్ జోసెఫు బ్యాంక్సు చిత్రములను ఏఱి, అచ్చుపనిని నడపెను. తుదిభాగము వెలువడునప్పటికి గ్రంథకర్త గతించి యైదేండ్లు కావచ్చెను.

చరిత్ర యింత చాలును. ఇఁక చిత్రములను గూర్చి.

చిత్రములను మొదట వ్రాసినవారు మన దేశపుఁ జిత్రకారులు. రాగిరేకులపైఁ జెక్కినవారు లండనులోని పనివాండ్రు; వారిలో డేనియల్ మెకంజీ ప్రసిద్ధుఁడు. చెక్కి, అచ్చొత్తి, పిమ్మట నొక్కొక్కపుటకుఁ జేతితో రంగులు పూసిరి. కావున నొక చిత్రము మూఁడుచేతులు మాఱి మనకు వచ్చినది. చివరి చేతివారు ఆ పూవును బ్రతికి యుండఁగాఁ జూచినవారు కారు. ఈ మాట రంగుల విషయమున జ్ఞప్తియందుంచుకొనవలెను. ఒకప్రతిలోని యెఱుపు మఱియొకప్రతిలోఁ బసుపుడాలు వాఱుట దోషముగాదు, ఆ పద్ధతి ఫలము. గీఁత విషయమట్లు గాదు. మొదటి చిత్రకారుని చూపు లండనుదాఁక చెడక పోయినది. కొమ్మను పుటమధ్యమున నందముగ నమర్చి చుట్టును తెల్లకాగితము విడుచుట ఐరోపావారి యలవాటు. ఇందలి చిత్రములలోఁ బెక్కింట నట్లు గాక, ఆకు పుటనెల్ల నాక్రమించును. స్థలము చాలనిచో నంచున తెగిపోవును. ఆకు నీడకంటె నాకు ఈనెపై వానికి శ్రద్ధ మెండు. దీనిని నైపుణ్యలోప మని కొందఱందురు. నా కట్లు తోఁపదు. ఆకును చేతఁబట్టి వెలుఁగున కెత్తి చూచువాఁ డెట్లు చూచునో అట్లు చూచినాఁడు; వైద్యుఁడును, విస్తరి కుట్టువాఁడును జూచు చూపదియే.

ఇరువదియొకటవ ఫలకమైన మోదుగను జూడుఁడు. పాఠశాలలో మనము అమరమును బోధించునపుడు కింశుకశబ్దమునకు ‘చిలుకయా యేమి?’ యను వ్యుత్పత్తిని జెప్పి, పూరేకు చిలుకముక్కువలె నుండునని వివరింతుము. బాలురకు నవ్వు వచ్చును గాని ముక్కు కానరాదు. ఈ ఫలకమును జూపినచో ముక్కు వంపు కనఁబడును, వ్యుత్పత్తి యక్కఱలేదు. ఒక్కకొఱత: మోదుగ ఆకు రాల్చి మోడై పూచును గదా, ఇట్టి చిత్రములందు ఆకును పూవును నేకకాలమున నుండినట్లు ప్రక్కప్రక్కను జూపుదురు. ఇది శాస్త్రసమయమే గాని, ఫాల్గునమాసమున అడవి నెన్నఁడును జూడనివానికి భ్రాంతి కలిగించును. దాని వెంటనే యిరువదిరెండవ ఫలకమున తీగమోదుగ యున్నది. ముష్టియు, ఇండుపయు ఇట్లే యొకదాని ప్రక్క నొకటి. ఒకటి విషము, వేఱొకటి బురదనీటిని దేర్చునది. రెండును ఒకే కుటుంబమువి. జీడి, ఇప్ప, చిరివేరు మొదటి సంపుటమందే కలవు. చిరివేరును గూర్చిన వచనభాగము గ్రంథమంతటిలో నాకు మిక్కిలి ప్రియమైనది. సముద్రపుటొడ్డున నిసుకనేలలో మొలచు నీ చిన్నమొక్క వేరుతో మన అద్దకపువారు బట్టపై నెఱ్ఱరంగు వేసిన విధమును రాక్సుబర్గు తీరికగ వివరించెను. పువ్వును వర్ణించునపుడు శాస్త్రపు ముడిమాటలు. అద్దకమును వర్ణించునపుడు చూచి నేర్చినవాని మాటలు.

ఇప్పుడు ప్రధానవిషయమునకు వత్తును. ప్రతిచిత్రమునకును నెదురుగ వచనభాగమొకటి యున్నది. అందు లాటిను పేరు ముందు. పిమ్మట తెలుఁగుపేరు గలచో ‘తెలింగులు’ పిలుచు పేరని యింగ్లీషులిపిలో నీయఁబడినది. ఈ పేళ్లు పదునెనిమిదవశతాబ్దపుఁ దుదిని గోదావరీతీరమున జనులు పలికిన మాటలు. మన నిఘంటువులలో నీ మాటలకుఁ గల గతి మన మెఱుఁగనిది కాదు. ‘వృక్షవిశేషము’ అని వ్రాసి నిఘంటుకర్త చేయి కడుగుకొనును. ఏ వృక్షమో, దాని విశేషమేమో చదువరికిఁ దెలియదు. బ్రౌను దొర తన నిఘంటువున లాటినుపేళ్లనిచ్చి కొంత మేలు చేసెను. వాల్టరు ఎలియటు 1859లో మదరాసున ప్రకటించిన ఆంధ్రవృక్షముల పట్టిక మఱికొంత మేలు చేసినది. వీరిద్దఱి పనికిని వెనుక రాక్సుబర్గు కలఁడు. కాఁబట్టి మాటను వస్తువుతో ముడివేసిన మొదటి ముడిని పరీక్షింపవలసినయెడల నీ మూఁడు సంపుటములకే పోవలెను.

పోయి చూచినచో ముడి యంత గట్టిది గాదు. ఇంగ్లీషులిపిలో తకారమునకు టకారమునకు భేదము లేదు; హ్రస్వదీర్ఘముల నిశ్చయము లేదు. మూఁడుదాహరణములు చూపెదను. పదునేడవ ఫలకములోని చెట్టుపట్ట జ్వరమునకు మందని రాక్సుబర్గు ప్రసిద్ధి చేసెను. దాని తెలుఁగుపేరు సోమిద. తరువాత 1830లో జుస్యూ అను ఫ్రెంచిపండితుఁడు ఆ పేరునే తీసికొని యా చెట్టుజాతికి శాస్త్రనామము చేసెను. నేఁటికిని నదియే నామము. కాని లాటినువ్రాఁతను మాత్రము చూచినవాఁడు సోమిదయో సోమిడయో నిర్ణయింపఁజాలఁడు. రెండవది గరుగ. రెండువందల యెనిమిదవ ఫలకము. రాక్సుబర్గు తానే యీ తెలుఁగుమాటను జాతినామముగఁ జేసెను. గ్రీకు లాటిను భాషలలోనుండి రాని పేళ్లు మోటువని లిన్నేయసు నిషేధించియుండఁగా నిది సాహసమే. మనవారు కృతజ్ఞులుగ నుండఁదగినది. ఈ వ్రాఁతలో రెండవ యచ్చు ఉకారము, అది సరియే. మూఁడవది రెండువందల యిరువదియైదవ ఫలకమైన సండ్ర. ఇందును అదే ఇంగ్లీషక్షరము వాడఁబడినది. కాని యిచ్చట నది యుకారము గాదు, అకారము. ఇంగ్లీషువారు పంజాబును, కలకత్తాను వ్రాయునట్లు వ్రాసినాఁడు. ఫలితమేమి? లోకమందలి వృక్షశాస్త్రజ్ఞులందఱును దీనిని ‘సుండ్రా’ యని చదువుచున్నారు. ఒకే గ్రంథమున, ఒకే సంపుటమున, పదునేడు ఫలకముల యెడములో, ఒకే యక్షరము రెండు ధ్వనులకు నిలిచినది.

సండ్ర కథ యింతటితో ముగియదు. ఈ మాటకుఁ జండ్ర యను రూపమును గలదు. అందలి చకారము దంత్యము. దంత్యచకారమును విన్న ఐరోపావాఁ డొకఁడు దానిని సకారమని వ్రాయును. మఱియొకఁడు తాలవ్యచకారమని వ్రాయును. అట్లే జరిగినది. రాక్సుబర్గు ఫలకముపై సకారముతో నున్న పేరు, రాట్లరు 1803లోఁ బ్రకటించిన వ్రాఁతలోఁ జకారముతో నున్నది. శాస్త్రజ్ఞులు చాలకాలము రెండుపేళ్లను వాడి, నేఁడు రెండును నొకే చెట్టని చకారరూపమునకుఁ బ్రాధాన్యమిచ్చుచున్నారు. వారి కారణము ప్రకటనమందలి పూర్వాపరత్వమే గాని తెలుఁగువ్యాకరణము గాదు. చిన్నయసూరి శిష్యుఁడైన యే బడిపంతులైనను ఈ చిక్కును క్షణములో విప్పఁగలిగియుండును.

ఈ దోషమునకు కాలమే కారణమనుటకు వీలులేదు. నూఱేండ్లకుఁ బైగా ముందు, 1678 మొదలు 1693 వఱకు ఆంస్టర్‌డాము నగరమునఁ బండ్రెండు సంపుటములుగ నచ్చయిన ‘హోర్టస్ మలబారికస్’ అను మలయాళదేశపు వృక్షగ్రంథము మనకు సాక్షి. దానిఁ గూర్పించిన వాన్ రీడు డచ్చివారి కొచ్చి యధికారి. అందలి చిత్రఫలకములపైనే మలయాళలిపిలోను, అరబ్బీలిపిలోను, నాగరిలోను మొక్కల పేళ్లు చెక్కఁబడినవి. అంతియ కాదు. ఆ గ్రంథమునకు జ్ఞానమునొసఁగిన ఇట్టి అచ్యుతన్ అను వైద్యుఁడు తన లిపిలో వ్రాసి యిచ్చిన సాక్ష్యపత్రము, రంగభట్టు, వినాయకపండితుఁడు, అప్పుభట్టు అను మువ్వురు బ్రాహ్మణుల సాక్ష్యమును మొదటిసంపుటమున నచ్చయినవి. రాక్సుబర్గు గ్రంథమున నట్టిదేమియు లేదు. చిత్రములు వ్రాసినవాని పేరు లేదు. చెట్టుపేరు చెప్పినవాని పేరు లేదు. ఒక్క తెలుఁగక్షరము లేదు. కుంఫిణీవారి పేరును, బ్యాంక్సు పేరును ముఖపత్రమున వెలుఁగుచున్నవి. రాక్సుబర్గు తనంతట తాను కృతఘ్నుఁడని నే ననను. కలకత్తాలోఁ జేరిన యాయన చిత్రములు రెండువేల యైదువందలకుఁ బైబడినవి; అన్ని చిత్రములకుఁ జిత్రకారులను పోషించినవాఁడాయనయే. కాని పోషించుట వేఱు, పేరు చెప్పుట వేఱు. వాన్ రీడునకుఁ దెలిసిన మర్యాద బ్యాంక్సునకుఁ దెలియలేదు.

ఈ విషయమును నేను పుస్తకములలోఁ జదివి గ్రహింపలేదు. కొన్నియేండ్ల క్రిందట ప్రాఁతపుస్తకముల వర్తకుఁడొకఁడు నాకు మోదుగ ఫలకము నమ్మెను. గ్రంథము గాదు, ఒక్క పుట. అద్దము బిగించి చట్టమున నమర్చినది. ఇట్టి మహాగ్రంథములను కుట్టు విప్పి పుటలవారీగ నమ్మినచో మొత్తముకంటె నెక్కువ ధర వచ్చునని వర్తకుల లెక్క. చిత్రములు గోడలకుఁ బోవును. వచనపుటలు? వానికి గిరాకి లేదు. నేనడిగితిని, చిత్తుకాగితములలోఁ బోయినవని యాతఁడు నిశ్చింతగఁ జెప్పెను. చట్టమును విప్పి చూచితిని. ఫలకము క్రింద లాటినుపేరును, అంకెయు మాత్రమే కలవు. తెలుఁగుమాట యుండినది వచనపుటలో. మలయాళ గ్రంథపు పుటను జింపినను పేరు పుటతోనే వచ్చును. మన గ్రంథపు పుటను జింపినచో మాట తెగిపోవును, బొమ్మ మిగులును. లండనులో 1795నాఁడు లిపిని ఫలకముపైఁ జెక్కక వదలిన యుపేక్ష వలన నేఁటి కిట్టి నష్టము కలుగుచున్నది. కొన్న దోషము నాయందును గలదు. కొనువాఁడు లేనిచోఁ జించువాఁడుండఁడు.

సంగ్రాహకులకు నాయొక్క విన్నపము: విడిపుటను కొనకుఁడు. సంపూర్ణప్రతిని కొనఁగల శక్తి కొలఁదిమందికే కలదు గాని, చూచుటకు సంపూర్ణప్రతుల ప్రతిబింబములు నేఁడు అంతర్జాలమున నుచితముగ లభించుచున్నవి; వచనభాగముతో సహా. హోర్టస్ మలబారికసును మణిలాలు పండితుఁడు ఇంగ్లీషులోనికిఁ దెచ్చి, 2003లో కేరళవిశ్వవిద్యాలయమువారిచేఁ బ్రకటింపించెను. 2008లో మలయాళమునను వచ్చినది. మన మూఁడుసంపుటములకుఁ దెలుఁగుననువాదము గావలెనని నేనడుగుట లేదు. అందలి తెలుఁగుపేళ్లను మాత్రము తెలుఁగులిపిలో శుద్ధరూపములతోఁ బట్టికగఁ గూర్పవలెను. అది యేకాకి పనిగాదు. వ్రాఁతనుబట్టి రూపమును నిర్ణయింపవలెనన్న మన్యములోఁ జెట్టును జూపి పేరడిగి రావలసియుండును. గరుగయో గారుగయో పుస్తకము చెప్పదు.

మొదటిసంపుటములోని పేళ్లవఱకు నేనొక పట్టికను వ్రాయుచున్నాను. సందిగ్ధములైన రూపముల కెదుట చుక్క నుంచితిని. ముగిసినతోడనే పత్రికాధిపతులకుఁ బంపెదను. సామర్లకోట, పిఠాపురము, తుని ప్రాంతముల పాఠశాలాపండితులు తమయూరి రూపములను వ్రాసి పంపినచోఁ జుక్కలు తగ్గును.