ఆ గీతల్ని చెరపకండి

మిలాన్‌లో విగొరెల్లి అని సైకిల్ పందేల మైదానం ఉంది. దాన్ని ఆనుకుని సైకిల్ ఫ్రేములు కట్టే ఫాలియెరో మాజి కొట్టు ఉండేది. పందెగాళ్లు ఆయన్ని 'ఇల్ సార్తో' అనేవారు, అంటే దర్జీ. మనిషి కొలతలు తీసుకుని, ఒంటికి చొక్కా కుట్టినట్టు ఫ్రేము కట్టేవాడు మరి. వేరే కంపెనీల రంగు పూసుకుని పందేలు గెలిచిన సైకిళ్లలో ఆయన చేతివి చాలా ఉన్నాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ మాట అనగానే మరో ఇటలీ తయారీదారు కొల్నాగో భక్తులు 1972 సంగతి ఎత్తుతారు. పందెగాడు ఎడ్డీ మెర్క్స్ మెక్సికో సిటీలో ఒక్క గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కిన బండి ఎర్నెస్టో కొల్నాగో చేసిందే, కాదనను. దానికి దండం పెడతాను. ఓటు మాత్రం మాజికే.

ఈ పాత ఇటలీ ఫ్రేముల్లో పనితనమంతా గొట్టాలు కలిసే చోట ఉంటుంది. కొలంబస్ ఎస్ఎల్ ఉక్కు గొట్టం చివర్లలో 0.9 మిల్లీమీటర్ల మందం, నడుమ 0.6 మాత్రమే. మంట కాస్త ఎక్కువైందా, ఉక్కు బలం పోతుంది. తక్కువైందా, మాటు పట్టదు. గొట్టాల్ని కలిపే తొడుగును లగ్గు అంటారు. కరిగిన ఇత్తడి ఆ లగ్గు లోపల చుట్టూ పాకి, అంచున సన్నటి గీతలా తొంగిచూసి ఆగాలి. ఆపైన ఆకురాయి పని. లగ్గు ఎక్కడ ముగిసి గొట్టం ఎక్కడ మొదలైందో వేలికి తెలియనంతగా అంచుని అరగదీస్తారు. అబ్బ, ఆ ఓపిక!

ఇప్పుడు 'కొత్తది చేస్తాం' అనే కొట్లు ఏం చేస్తున్నాయి? ఇసుక కొట్టి పాత రంగంతా ఊడగొట్టి, పౌడర్ కోటింగు దట్టంగా దట్టిస్తున్నాయి. అలా వచ్చిన 70ల నాటి ఫ్రేమునొకదాన్ని చూశాను. లగ్గుల అంచులు వాచిన పెదవుల్లా ఉన్నాయి. ఆకురాయి తీసినదంతా పౌడరు పూడ్చేసింది. ఇక ఊరూ పేరూ లేని ఫ్రేముకు కొల్నాగో స్టిక్కర్లు అంటించి అమ్మేవాళ్ల గురించి రాస్తే నా నోరు పాడవుతుంది.

చేయాల్సింది కొంచెమే. తుప్పుకు ఆక్సాలిక్ ఆమ్లం పలచగా కలిపి, ముందు చాటున ఓ మూల పరీక్షించి చూడండి. క్రోమ్ మీద తడి అల్యూమినియం రేకుతో మెల్లగా రుద్దండి. బేరింగు గోళీలు మార్చి కొత్త గ్రీజు పెట్టండి. కాంపాన్యోలో కంపెనీ సూపర్ రికార్డ్ భాగాలను మెరిపిద్దామని పాలిష్ పట్టారో, పైనున్న ఆనొడైజింగ్ పూత పోతుంది, మళ్లీ రాదు. పోయిన భాగం కొనాల్సివస్తే వెనక గేరు మార్చే డెరైలర్ మీద 'పాట్' అనే అక్షరాల పక్కన అచ్చుపోసిన ఏడాది అంకె చూసుకోండి. 1974 ఫ్రేముకు 1982 డెరైలర్ తగిలిస్తే తెలిసినవాడు నవ్వుతాడు.

ఫ్రేములో సీటు కడ్డీ ఇరుక్కుందా? అల్యూమినియం, ఉక్కు ఏళ్ల తరబడి తడిలో కలిసి కరుచుకుపోయాయి. నూనె పోసి వారమైనా ఆగండి. ఏటా తస్కనీలోని గాయొలెలో జరిగే ఎరోయికా అనే పాత సైకిళ్ల సవారీకి మీ బండి వెళ్లాలంటే మామూలుగా 1987 నాటిదో అంతకు ముందుదో అయి ఉండాలి గానీ, తళతళలాడాలని ఎవరూ అడగరు. పై గొట్టం మీద బ్రేకు తీగ రాసుకుని రంగు పోయిన చోట నేను మైనం రుద్ది వదిలేస్తాను. ఎవరో పాతికేళ్లు తొక్కితే పడిన గీత అది.