ఎండ కాస్తేనే ఎగిరే సీతాకోకచిలుక

1809లో థామస్ స్టోథార్డ్ అనే చిత్రకారుడు ఇంగ్లండ్‌లోని ఆంబుల్‌సైడ్ దగ్గర ముదురు గోధుమరంగు సీతాకోకచిలుక ఒకదాన్ని పట్టాడు. దాని పేరు మౌంటెన్ రింగ్లెట్. అంతకుముందు బ్రిటన్‌లో దాన్ని ఎవరూ గుర్తించలేదు. అప్పటి ఔత్సాహికుల చేతిలో వల ఉండేది, ఇప్పటివారి చేతిలో నోటుపుస్తకం ఉంటోంది.

రంగుల కోసం వెళితే నిరాశ తప్పదు. రెక్కలు విప్పినా నాలుగు సెంటీమీటర్లుండదు. నారింజ మచ్చల మధ్య నల్లచుక్కలు, అంతే. దీన్ని పోలిన స్కాచ్ ఆర్గస్‌తో పొరబడకుండా ఉండాలంటే ఆ చుక్కలే చూడాలి. నడుమ తెల్లటి మెరుపుంటే ఆర్గస్, ఒట్టి నలుపైతే రింగ్లెట్. కాలం కూడా తోడొస్తుంది. రింగ్లెట్ జూన్, జూలైల్లో ఎగురుతుంది. ఆర్గస్ జోరు ఆగస్టులో.

చుక్కల కంటే ముందు గడ్డిని గుర్తుపట్టాలంటాను. దీని గొంగళిపురుగులు తినేది మ్యాట్ గ్రాస్ అనే బిరుసు గడ్డిని. ముదిరితే దాన్ని గొర్రెలు కూడా ముట్టవు. ఆంబుల్‌సైడ్ ఉన్న లేక్ డిస్ట్రిక్ట్‌లో సాధారణంగా 500 మీటర్లకు పైన, ఆ గడ్డి పరుచుకున్న వాలుల్లోనే వెతకాలి. స్కాట్లాండ్‌లోనైతే బెన్ లాయర్స్ కొండ పేరున్న చోటు.

అసలు పరీక్ష వాతావరణానిది. ఎండ ఉన్నంతసేపూ మగవి ఆడవాటి కోసం గడ్డి మీదుగా తక్కువ ఎత్తులో తిరుగుతుంటాయి. మబ్బు కమ్మిందా, ఉన్నపళాన గడ్డిలోకి జారిపోతాయి. కొండ మొత్తం ఖాళీ అయినట్టుంటుంది. అప్పుడు వెంటపడి లాభం లేదు. పసుపు టార్మెంటిల్ పూలున్న చోట, మన నీడ వాటిమీద పడకుండా కూర్చోవాలి. ఎండ వస్తే తేనె కోసం అవే వస్తాయి.

సీతాకోకచిలుకల లెక్కకు కూడా ఒక పద్ధతుంది. ఎర్నీ పొలార్డ్ అనే శాస్త్రవేత్త రూపొందించిన, నడుస్తూ లెక్కపెట్టే ఈ పద్ధతి 1976 నుంచి బ్రిటన్ అంతటా సాగుతోంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా వారంవారం అదే దారిలో నడుస్తూ, ఐదు మీటర్ల వెడల్పులో కనిపించినవన్నీ రాసుకోవాలి. వానా మంచూ వదలని ఈ కొండల్లో అలా వారంవారం కుదరదు. అందుకే ఎండ కాసిన రోజును ఒడిసిపట్టాలి. మబ్బురోజున కనబడకపోతే దానికి అర్థం లేదు. మంచి ఎండలో, ఒకప్పుడు ఉన్నచోట కనబడకపోతే మాత్రం అది కబురే. చల్లదనానికి అలవాటుపడ్డ ఈ జీవి, వేడెక్కుతున్న దిగువ వాలుల్లో ఇప్పటికే చాలాచోట్ల లేకుండా పోయింది. పైకి పోదామంటే కొండ శిఖరంతో సరి.

అక్కడి విండర్‌మియర్ సరస్సులో పడవ షికారుకెళ్లే మన తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. జూలై మొదట్లో ఎండ కాస్తే ఒక పూట పడవ మానేసి హానిస్టర్ కనుమ వైపు కొండెక్కండి. చోటు, ఎత్తు, వేళ, ఎండ ఎలా ఉందో రాసుకుని బటర్‌ఫ్లై కన్జర్వేషన్ సంస్థకు పంపండి. ఒక్కటీ కనబడకపోయినా సున్నా అనే రాసి పంపండి.